పొడి బరువు

నలభై ఏడున్నర.
ఒంట్లో నిలవ నీళ్ళన్నీ తోడేస్తే మిగిలే మనిషి అంత.
దాన్ని పొడి బరువంటాం మేము.
సోంపేట ఆస్పత్రి, మూడో మంచం, పొద్దున్న షిఫ్టు,
సోమ, బుధ, శుక్రవారాలు.
దండాసి కాటా ఎక్కేముందు చెప్పులు విప్పుతాడు.
మొలతాడుకి కట్టిన తాళంచెవి కూడా ఊడదీసి
నా చేతికిస్తాడు,
అది దొంగలెక్క చెబుతుందేమోనని.

రెండు కిలోల మూడొందలు ఎక్కువుంది.
"ఏటి తాగీసినావు?"
"ఏటీ లేదమ్మా. మొన్న వానొచ్చింది కదా,
అదే నాలోకి ఎల్పోనాది."

ఇరవై రెండేళ్ళు కొబ్బరిచెట్లెక్కినవాడు.
మొవ్వుల్లో కూచుని కత్తితో చెక్కి
ఎన్ని లేత బొండాలు ఎత్తి తాగాడో లెక్కలేదు.
ఇప్పుడొక్క గుటక కూడా వద్దంటాను నేను.
అందులోని పొటాషియం గుండెని నడిమధ్యలో ఆపేస్తుంది.
జీడిపప్పు వద్దు.
కూరముక్కలు ఉడికించి ఆ నీళ్ళు పారబొయ్యి,
మళ్ళీ ఉడికించు.
రోజుకి మూడు గ్లాసులు, మాత్రలు మింగే నీళ్ళతో కలిపి.
తలూపుతాడు.
కవిటి వైపు నుంచి ఆటో తోటల మధ్యగానే వస్తుంది.
అక్కడ కళ్ళు మూసుకుంటాడట.

ఎడమచెయ్యి చాపితే మణికట్టు పైన ఉబ్బిన నరం,
ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు.
సూది గుచ్చేముందు స్టెతస్కోపు ఆనిస్తాను.
బారువ ఒడ్డున సరుగుడు తోటలో గాలి.
ఆ గాలి వినబడినన్నాళ్ళూ నాకు దారుంది.

ఈసారి ఊరికే బతికించడానికి కాదు.
విశాఖపట్నం నుంచి కాగితం వచ్చింది:
ఆపరేషన్‌కి తయారు చెయ్యండి.
తయారు చెయ్యడమంటే
పుచ్చిన రెండు పళ్ళు పీకించడం.
కామెర్ల టీకా, మామూలుకి రెట్టింపు, నాలుగుసార్లు.
ఒళ్ళు పాలిపోయినా రక్తం ఎక్కించకుండా
ఇంజక్షన్లతో నెట్టుకురావడం.
పదిమంది రక్తం రుచి చూసిన ఒళ్ళు
రేపొచ్చే చుట్టాన్ని గుమ్మంలోనే తరిమేస్తుంది.

ఆ చుట్టాన్ని ఇస్తానన్నది వాళ్ళప్ప, దాలమ్మ.
పెళ్ళైన కాడినుంచీ అడ్డపొగ తాగిన మనిషి,
నిప్పు నోట్లో పెట్టుకునే జీడిపిక్కలు కొట్టిన మనిషి.
వేయించిన పిక్కల జిడ్డుకి వేళ్ళు నల్లబడిపోయాయి.
చుట్టల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
"ఒగ్గీసినాను తల్లీ. ఇంక ఆడికి నాది పెట్టీండి.
నాకొకటి సాలదా? రెండేటి సేసుకుంతాను?"

గ్రూపు కలిసింది.
దండాసి ఆవేళ నవ్వాడు,
పీకిన పళ్ళ సందుల్లోంచి.

తర్వాతి కాగితం నేనే చదివాను,
ముందు మనసులో, తర్వాత పైకి.
దాలమ్మ, యాభై మూడేళ్ళు. క్రియాటినిన్ రెండు పాయింటు ఒకటి.
ఒక్క బావి నీళ్ళు తాగి పెరిగిన పిల్లలు.
ఆ బావినీళ్ళు ఎవరెవరో వచ్చి సీసాల్లో పట్టుకెళ్ళారు,
ఒకసారి కాదు.
జవాబుకి ఇంకా బండి దొరకలేదు కాబోలు.

ఆవిడ ఏడవలేదు. నన్ను ఎగాదిగా చూసింది.
"అంటే నాది పాడైపోనాదా, ఆడికి పనికిరాదా?"
రెండూనమ్మా అన్నాను.
"మొదటిది సరే,"
అని రెండోదానికి కుర్చీలో కూలబడింది.
వెళ్తూ చుట్టలు తీసుకోలేదు.
నా సొరుగులోనే ఉన్నాయి,
గాజుగుడ్డ కట్టలన్నిటికీ ఆ వాసన.

దండాసి పేరు జాబితాకెక్కింది.
ఎక్కడో, ఎవరో, ఏ రోడ్డు మీదో
ఇంకా బతికే ఉన్న మనిషి కోసం ఎదురుచూసే జాబితా.
అలా ఎదురుచూడ్డం పాపమేనా అని అడిగాడొకసారి.
మెషిను అలారం మోగింది, అటు తిరిగాను.

శుక్రవారం.
చెప్పులు. తాళంచెవి.
"ఏ తాళానిది దండాసీ?"
"ట్రంకుపెట్టిది. మోకు దాసినాను.
మావోడు అమ్మీగల్డు."

నలభై తొమ్మిది రెండొందలు.
కిలో ఏడొందలు తియ్యాలి, మెల్లగా, నాలుగు గంటల్లో.
నాలుగో టీకా ఇంకా ఉంది.
పక్కన నాలుగో మంచానికి
కొత్త దుప్పటి పరుస్తోంది ఆయా.
ఎవరికని నేనడగలేదు.